చక్కెర తొడుగు

హన్వికకు నాలుగో ఏడు నడుస్తుండగా, తల్లి రజిత ఆమెను మొదటిసారి గ్లౌజులు లేని చేతులతో ఎత్తుకుంది.

పిల్ల నవ్వలేదు. తల్లి బుగ్గ మీద అరచెయ్యి ఆనించి చటుక్కున తీసేసుకుంది. "మమ్మీ, తడిగున్నది," అంది.

"ఏం గాదు బిడ్డా, నీళ్లే," అంటూ రజిత భుజంతో కళ్లు తుడుచుకుంది. హన్విక మళ్లీ చెయ్యి పెట్టింది. ఈసారి తీయలేదు. ముక్కు, పెదవులు, గడ్డం ఒక్కొక్కటే తడిమి చూసింది. ఇంతవరకూ దగ్గర నుంచి ఆమె చూసిన తల్లి ముఖం మాస్కు పైన కనిపించే రెండు కళ్లే.

గాజు గోడకు ఇవతల డాక్టర్ యామిని నిలబడి చూస్తోంది. ఆమె దగ్గర పరిశోధన చేస్తున్న ఫరీద్, "మేడం, మన బడి పిల్లలు పాసైనట్టే గదా," అన్నాడు సంతోషంగా.

బడి అంటే ఆ ప్రయోగశాలలో వాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు. హైదరాబాద్ శివార్లలోని ఆ పరిశోధన సంస్థలో యామిని పన్నెండేళ్లు కష్టపడి తయారుచేసిన యంత్రం అది. అరచేతి వెడల్పున్న పలుచటి జీవకణాల పొర, దాని మీదుగా ఎప్పుడూ పారుతుండే గులాబీ రంగు ద్రవం, చుట్టూ వెచ్చటి పెట్టె. మనిషి ఛాతీలో గుండెకు కాస్త పైన ఉండే థైమస్ అనే గ్రంథి చేసే పనిని ఒంటి బయట చేయించడం దాని ఉద్దేశం. అందులో పెరిగే కణాలే వాళ్ల 'పిల్లలు'.

హన్విక పుట్టినప్పుడు రజిత సిద్దిపేట డిపోలో బస్సు కండక్టరు. భర్త శ్రీశైలానికి అదే ఊళ్లో మోటార్ వైండింగ్ షాపు. హన్వికకు ముందు పుట్టిన బాబు ఏడాదైనా నిండకుండా నిమోనియాతో పోయాడు. ఎందుకు అంత తొందరగా పోయాడో అప్పుడు ఎవరూ చెప్పలేకపోయారు. అందుకే పాప పుట్టగానే రక్తం పరీక్ష చేయించారు. వ్యాధులతో పోరాడే టీ కణాలు ఆ రక్తంలో దాదాపు లేవు. మజ్జ మార్పిడికి సరిపడే దాత కోసం వెతికారు కానీ ఎక్కడా దొరకలేదు. చివరికి యామిని దగ్గరికి చేరారు.

మొదటి రోజు యామిని వాళ్లిద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది.

"టీ కణాలు ఎముకల మజ్జలో పుడతాయి రజితా. అక్కణ్నుంచి థైమస్‌కి వస్తాయి. 'నువ్వు టీ కణానివి కావాలి' అని థైమస్ వాటికి ఒక సంకేతం ఇస్తుంది. దాన్ని అందుకోడానికి కణం పైన గ్రాహకాలని ఉంటాయి. ఆ గ్రాహకాలకి ఒక రకం చక్కెర అంటుకుని ఉంటేనే సంకేతం సరిగ్గా అందుతుంది. మీ పాప ఒంట్లో ఆ చక్కెరని అంటించే పదార్థం తయారు కావట్లేదు."

"చక్కెరంటే మనం తినేదేనా మేడం?" అని అడిగింది రజిత.

"దాని చుట్టమే. కానీ ఊరికే తినిపిస్తే ఈ లోపం పోదు. పాప కణాల్ని బయటికి తీసి, మా బడిలో పెట్టి, ఆ చక్కెర మేమే అంటించి, పెద్దవయ్యాక మళ్లీ పాపకే ఎక్కించాలి. ఇంతవరకూ ఏ మనిషికీ ఇలా చెయ్యలేదు."

శ్రీశైలం ముందుకు జరిగి, "మావోడు పోయినప్పుడు చెయ్యనీకి ఏం లేకుండె మేడం. ఇప్పుడు ఏదో ఒకటి ఉన్నదంటున్రు. చెయ్యిండ్రి," అన్నాడు.

అప్పటినుంచీ హన్విక ఇల్లు ఆ గాజు గదే. రజిత నగరంలోని డిపోకి బదిలీ చేయించుకుంది. రోజంతా కిక్కిరిసిన బస్సులో వందలమందిని రాసుకుంటూ తిరిగే మనిషి కాబట్టి, డ్యూటీ దిగి వచ్చాక స్నానం చేసి, గౌను, టోపీ, మాస్కు, గ్లౌజులు వేసుకుంటే గానీ లోపలికి పంపేవారు కాదు. కాస్త తుమ్ము వచ్చినా ఆ రోజుకి గాజు బయటే. శ్రీశైలం ఆదివారాలు వచ్చేవాడు. మూడేళ్లకు పైగా అలాగే గడిచింది. బడి ఎన్నోసార్లు విఫలమైంది. ఒకసారి కణాలు పుట్టగానే చచ్చిపోయాయి, ఇంకోసారి సగంలో ఎదుగుదల ఆగిపోయింది. చివరికి గ్రాహకాలకు చక్కెర సరిగ్గా అంటింది. కణాలు పెరిగాయి, సంఖ్యలో రెట్టింపవుతూ వచ్చాయి. బడిలో పెట్టే పరీక్షలన్నీ నెగ్గాయి. హన్వికకు ఎక్కించారు. రక్తంలో టీ కణాలు కనిపించాయి. అందుకే ఆ రోజు గ్లౌజులు తీయించారు.

*

ఆ సంబరం రెండు వారాలు కూడా నిలవలేదు.

ముందు చెవుల వెనక ఎర్రబడింది. తర్వాత అరచేతులు, అరికాళ్లు. చూస్తుండగా పొట్ట మీద, వీపు మీద చర్మం కాలినట్టు కందిపోయింది. విరేచనాలు మొదలయ్యాయి. అదే సమయంలో పిల్లకు దగ్గు కూడా పట్టుకుంది.

శ్రీశైలం షాపు మూసి పరుగున వచ్చాడు. "గిదేం రోగం మేడం? ఈడనే అంటిందా?"

యామిని అబద్ధం చెప్పదలచుకోలేదు. "రోగం కాదు శ్రీశైలం. మేం ఎక్కించిన కణాలే. పాప చర్మాన్నీ పేగుల్నీ పరాయివనుకుని వాటి మీద పడుతున్నాయి. ఇలా జరక్కూడదని పరీక్షలు పెట్టాం. అన్నీ నెగ్గాయి కూడా. అయినా ఎందుకిలా జరిగిందో ఈ నిమిషానికి నాకు తెలీదు."

రజిత గోడకు ఆనుకుంది. "వాటిని తియ్యరాదా?"

"తీయొచ్చు. ఇలాంటిదేదైనా జరిగితే ఉంటుందని ముందే ఏర్పాటు చేశాం. ఒక మందు ఎక్కిస్తే మేమిచ్చిన కణాలన్నీ ఒక్క పూటలో చచ్చిపోతాయి."

"మరింకేంది? ఎక్కియ్యిండ్రి!" అన్నాడు శ్రీశైలం.

"దగ్గు ఉంది కదా. ఊపిరితిత్తుల్లో వైరస్ చేరింది. ఇప్పుడు దాన్ని అడ్డుకుంటున్నవి కూడా ఆ కణాలే. అవి పోతే పాప దగ్గర ఇంకేమీ మిగలదు."

ఆ మాటతో ఇద్దరికీ కొడుకు గుర్తొచ్చాడు.

"నాకు రేపు సాయంత్రం దాకా టైమివ్వండి," అంది యామిని. "అంతలోకి పరిస్థితి చెయ్యి దాటేలా ఉంటే మాత్రం ఆగను, మందు ఎక్కించేస్తాను."

ప్రయోగశాలకు వచ్చేసరికి ఫరీద్ పరీక్షల ఫలితాలన్నీ తెర మీద పరిచి కూర్చున్నాడు.

"తప్పు ఎక్కడా కనబడ్తలేదు మేడం. సొంత ఒంటి మీద గట్టిగా లేచే కణాల్ని బడి ఎప్పటికప్పుడు చంపేసింది. మెత్తగా ఉన్నవే బయటికొచ్చినయ్. అవే ఇప్పుడు ఇట్ల ఎట్ల తయారైనయ్?"

"బయటికొచ్చాక మారాయేమో."

"జన్యువులు చూసిన. ఏం మారలే."

"జన్యువులు కాకుండా ఇంకేం మారొచ్చు?"

ప్రశ్న వేసింది తనే అయినా, జవాబు కూడా యామినికే తట్టింది. కుర్చీలోంచి లేచి ఫ్రీజర్ దగ్గరికి వెళ్లింది. బడి నుంచి వచ్చిన రోజున దాచిన కణాలు అందులో ఉన్నాయి. ఆ ఉదయమే హన్విక రక్తంలోంచి తీసినవి బల్ల మీద ఉన్నాయి. రాజ్మా గింజల్లో ఉండే ఒక ప్రొటీన్‌కి విచిత్రమైన గుణం ఉంది. కణం పైన తొడుగులా పరుచుకున్న చక్కెర గొలుసులు ఎంత గుబురుగా కొమ్మలేసి ఉంటే అంత ఎక్కువగా వాటికి అతుక్కుంటుంది. దానికి మెరిసే రంగు కలిపి, రెండు రకాల కణాల మీదా పోసింది.

సూక్ష్మదర్శినిలో బడి కణాలు దీపాల్లా పచ్చగా వెలిగాయి. రక్తంలోంచి తీసినవి మసకగా, ఉన్నాయా లేవా అన్నట్టున్నాయి.

ఫరీద్ రెండోసారి చూసి తల పైకెత్తాడు. "తొడుగు పలచబడ్డది."

"అవును." యామిని కుర్చీ లాక్కుని కూర్చుంది. "బడిలో పారే ద్రవంలో ఈ తొడుగు అల్లడానికి ముడిసరుకైన ఇంకో చక్కెరని దండిగా పోశాం. కణాలు బాగా పెరుగుతాయని నేనే పోయించాను. దాంతో శత్రువుని పసిగట్టే గ్రాహకాలతో సహా అన్నిటికీ దట్టమైన తొడుగు వచ్చింది. తొడుగు మందంగా ఉంటే గ్రాహకాలు ఒకచోట గుమిగూడలేవు. కణం మందకొడిగా ఉంటుంది. అలా మందకొడిగా ఉండి పరీక్ష దాటేసింది. పాప రక్తంలో అంత చక్కెర లేదు. అక్కడికెళ్లాక తొడుగు పలచబడింది, అవే గ్రాహకాలు ఒకచోట చేరాయి, అదే కణం ఇప్పుడు ముట్టుకుంటే మండిపడుతోంది."

"అంటే చంపాల్సిన కణాల్నే మనం పాస్ చేసినమా?"

"మనం కాదు, నేను. ద్రవం నా నిర్ణయం."

ఫరీద్ మళ్లీ సూక్ష్మదర్శిని మీదికి వంగాడు. "అయితే ఇప్పుడు పాప ఒంట్ల గూడ తొడుగు మందం చేస్తే?" అన్నాడు.

యామిని కూడా అదే ఆలోచిస్తోంది. మొదటి చక్కెరను అంటించే పదార్థం హన్విక ఒంట్లో లేదు, నిజమే. కానీ ఈ తొడుగును కొమ్మలుగా పెంచే పదార్థాలు చక్కగానే ఉన్నాయి. వాటికి కావలసింది ముడిసరుకు. దాన్ని నీళ్లలో కలిపి తాగించొచ్చు. వెంటనే పరీక్షకు పెట్టారు. ఒక పళ్లెంలో హన్విక చర్మకణాలు, వాటి మీద ఆమె రక్తంలోంచి తీసిన కణాలు. ఇంకో పళ్లెంలో అవే, చక్కెర ద్రవంతో కలిపి. మర్నాడు మధ్యాహ్నానికి మొదటి పళ్లెంలో చర్మకణాలు ముక్కలుగా రాలిపోయాయి. రెండో దానిలో చాలావరకు నిలిచాయి.

*

సాయంత్రం యామిని ఆ దంపతులకు జరిగింది జరిగినట్టు చెప్పింది, తన పొరపాటుతో సహా. శ్రీశైలం లేచి నిలబడ్డాడు.

"పళ్లెంల పనిచేసిందని మా పిల్లకు తాపిస్తరా? మొన్న బడిల గూడ పనిచేసిందన్నరు గదా మేడం!"

"నిజమే. మీరు కోప్పడ్డంలో తప్పు లేదు."

"నాకు కోపం గాదు. భయం." అన్నాడు శ్రీశైలం. "ఉన్న కణాలు తీసెయ్యిండ్రి. మల్ల గాజు రూములనే ఉంటది. సూసుకుంట బతుకుతం."

"ఆ దగ్గుతోటి ఉంటదా?" అంది రజిత నెమ్మదిగా. "మనోడు ఉన్నడా?"

శ్రీశైలం కూలబడ్డాడు. రజిత యామిని వైపు తిరిగింది.

"మేడం, చక్కెర తాపినంక పనిజేస్తలేదనుకో. అప్పుడు ఆ చంపే మందు ఇయ్యరాదా? టైం దాటిపోతదా?"

"దాటకుండా చూసుకోవచ్చు. కాలేయం ఎంత దెబ్బతింటోందో రక్తంలో తెలుస్తుంది. దానికి ఒక హద్దు పెట్టుకుందాం. హద్దు ముట్టిన క్షణమే మందు ఇచ్చేస్తాను. అది సిరంజిలో నింపి పక్కనే పెడతాను."

"ముట్టినంక నన్ను అడగొద్దు," అన్నాడు శ్రీశైలం. "ఆమెను గూడ అడగొద్దు. ఇచ్చుడే."

"అడగను. మాటిస్తున్నాను."

ఆ పూటే తాగించడం మొదలుపెట్టారు. మొదటి గుక్క హన్వికకు నచ్చింది. గ్లాసులో సగం అయ్యేసరికి మొహం పక్కకు తిప్పేసింది. నోట్లో కూడా పుండ్లు లేస్తున్నాయి. నర్సు బతిమాలింది. శ్రీశైలం గాజు బయట నుంచి కోతిలా గెంతి చూపించాడు. లాభం లేకపోయింది.

రజిత మంచం మీద కూర్చుని గొంతు సవరించుకుంది. ఒక్కసారిగా డ్యూటీ గొంతు బయటికి తీసింది.

"సిద్దిపేట, సిద్దిపేట! ఎవలెవలు టికెట్ తీసుకోలే? ఓ చిన్న మేడమూ, మీరేడికి?"

హన్విక మూలుగు ఆపి చూసింది. "సిద్దిపేటకు."

"గుక్క మింగితెనే టికెట్. ఆఁ, గట్ల. హకీంపేట దాటింది. ఇంకో గుక్క. తూముకుంట! దిగేటోళ్లు దిగుండ్రి, నూకకుండ్రి. అయ్యో, శామీర్‌పేట కాడ బండి ఆగింది మేడం, మీరు మింగితలేరాయె!"

పిల్ల కన్నీళ్లతోనే నవ్వి మింగింది. ప్రజ్ఞాపూర్ దాటి కుకునూర్‌పల్లి చేరేసరికి గ్లాసు ఖాళీ అయింది. ఆ తర్వాత ప్రతి గ్లాసూ ఒక బస్సు ప్రయాణమే. రజిత సెలవు పెట్టి వచ్చింది కానీ, అంత గట్టిగా ఆమె డ్యూటీలో కూడా ఎప్పుడూ అరవలేదు.

మొదటి రోజుల్లో మార్పు కనిపించలేదు. పైగా వీపు మీద చర్మం పొరలుగా ఊడింది. కాలేయం అంకె హద్దు వైపు పాకుతూ వచ్చింది. ఒక పొద్దున రక్తం ఫలితం చూసి యామిని సిరంజి పెట్టిన డబ్బా మూత తీసింది కూడా. అంకె హద్దుకు వెంట్రుకవాసి దిగువన ఉంది. మధ్యాహ్నం మళ్లీ తీద్దామంది. ఆ మధ్యాహ్నం వరకూ శ్రీశైలం వరండాలో నిలబడే ఉన్నాడు. ఎవరు కుర్చీ వేసినా కూర్చోలేదు.

ఫరీద్ మెట్ల మీద నుంచి పరిగెత్తుకొచ్చాడు. మాట్లాడటానికి ఊపిరందలేదు. కిందికి, కిందికి అన్నట్టు చేత్తో చూపించాడు.

"ఏంది? ఏమైంది సార్?" శ్రీశైలం అతని చొక్కా పట్టుకున్నాడు.

"తగ్గింది! అంకె తగ్గింది అన్నా. కొంచెమే, కానీ తగ్గింది. కణాల మీద తొడుగు గూడ చూసిన, మందమైతున్నది."

శ్రీశైలం అప్పుడు కూర్చున్నాడు. కుర్చీలో కాదు, ఉన్నచోటే నేల మీద.

తర్వాత రోజురోజుకీ ఎరుపు వెలిసింది. విరేచనాలు కట్టాయి. దగ్గు కూడా ఆ కణాల పుణ్యాన క్రమంగా విడిచింది. ఊపిరితిత్తులు శుభ్రపడ్డాయని తేలాక యామిని ఆ కణాలను మందుతో తీసేయించింది. వాటిని చక్కెర నీళ్ల మీద జీవితాంతం అదుపులో పెట్టడం ఆమెకు ఇష్టం లేదు.

బడిని మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి ద్రవంలో చక్కెర అచ్చం హన్విక రక్తంలో ఎంత ఉందో అంతే. ఇదే చికిత్స కోసం పేరు నమోదు చేసుకున్న కుటుంబాలన్నిటికీ యామిని స్వయంగా ఫోన్ చేసి ఆగమని చెప్పింది. ఎందుకాగాలో కూడా చెప్పింది. కొందరు ఏడ్చారు. ఒకాయన తిట్టాడు. ఆమె అంతా విని తర్వాతి నంబరు నొక్కింది.

కొత్త విడత బయటికొచ్చినప్పుడు ఫరీద్ మొహం వేలాడేశాడు. "మునుపటి దానిలో పదో వంతు గూడ లేవు మేడం. మిగిలినవన్నీ పరీక్షల పోయినయ్."

"పోవాల్సినవే పోయాయి," అంది యామిని. "మన ఒంట్లో థైమస్ కూడా నూటికి తొంభైకి పైగా చంపేస్తుంది. పోయినసారి అన్ని మిగిలినప్పుడే నాకు అనుమానం రావాల్సింది."

*

ఆ కొత్త కణాలు ఎక్కించాక హన్విక గాజు గది దాటింది; అయిదో పుట్టినరోజు సిద్దిపేటలో, ఇంట్లోనే జరిగింది. రజిత పాత డిపోకి తిరిగి వచ్చేసింది. పిల్ల అంగన్‌వాడీకి వెళ్లడం మొదలుపెట్టింది. వెళ్లిన మొదటి వారమే జలుబు తెచ్చుకుంది, దానంతటదే తగ్గింది. ప్రతి నెలా రక్తం పరీక్షలో అంతా సవ్యంగానే ఉంది. అయినా స్నానం చేయించేటప్పుడు రజిత చెవుల వెనక, అరచేతుల్లో వెతకడం మానలేదు.

ఎండలు ముదిరిన ఒక ఉదయం, గౌను తొడుగుతుంటే వీపు మీద ఎర్రటి మచ్చలు కనిపించాయి. ఒళ్లు కాలిపోతోంది. రజిత గౌను అక్కడే వదిలేసింది. ఫోనెత్తి, "మేడం, మల్ల మొదలైంది," అని మాత్రం అనగలిగింది.

మధ్యాహ్నానికి యామిని కారు వాళ్ల వాకిట్లో ఆగింది. దారి పొడవునా ఆమె మనసులో లెక్కలు వేసుకుంటూనే వచ్చింది. తొడుగు మళ్లీ పలచబడిందా? ఏ కణం తప్పించుకుంది? పెట్టెలో చంపే మందు సిరంజి సిద్ధంగా ఉంది. మంచం పక్కన కూర్చుని పిల్ల వీపును వెలుతురు వైపు తిప్పింది. అరచేతులు చూసింది, అరికాళ్లు చూసింది, నోరు తెరిపించింది. మళ్లీ వీపు చూసింది. కొన్ని మచ్చలు అప్పుడే పొంగి, లోపల నీటి చుక్క నిలిచినట్టు మెరుస్తున్నాయి.

"రజితా, అంగన్‌వాడీలో ఎవరికైనా ఇలా వచ్చిందా?"

"పక్కింటి తన్వికి నాలుగొద్దుల సంది జరం. బయటికి తోలుతలేరు."

"ఇది మన కణాల పని కాదు," అంది యామిని. "ఆటలమ్మ."

రజితకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. గుమ్మం మీద కూర్చుని మొహానికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. లోపల్నుంచి వచ్చిన అత్త, "అమ్మవారు పోస్తే నవ్వుతరా ఎవలన్న? సల్లగ సూడు తల్లీ!" అని మందలించి, వేపకొమ్మల కోసం పెరట్లోకి పోయింది.

యామిని నవ్వలేదు. టీ కణాలు లేని పిల్లలకు ఆటలమ్మ ఎంత ప్రమాదమో ఆమెకు తెలుసు. వైరస్ మందు మొదలుపెట్టింది, రక్తం తీసి ఫరీద్‌కు పంపింది, ఆ ఊళ్లోనే ఆగిపోయింది. పొక్కులు ముఖానికీ పొట్టకీ పాకాయి. జ్వరం ఎక్కింది. మర్నాడు ఫరీద్ ఫోన్ చేశాడు.

"మేడం, పాప కణాలు వైరస్‌ని పట్టినయ్. అదే రకం కణాలు వేలల్ల పెరుగుతున్నయ్. సొంత చర్మం తోటి కలిపి చూసిన, ముట్టుకుంటలేవు. తొడుగు ఎంతుండాల్నో అంతే ఉన్నది."

ఆ మాట విన్నాక యామిని పెట్టెలోంచి సిరంజి తీసి, అందులోని మందు పారబోసింది. ఇంకో రెండు రోజులకు జ్వరం విడిచింది. పిల్ల చెమటతో తడిసి లేచి, ఆకలేస్తోందని గొడవ చేసింది. పాప పప్పన్నం తినేదాకా కూర్చుని యామిని హైదరాబాద్ బయలుదేరింది.

తర్వాతి వారం రక్తం తీయడానికి తనే మళ్లీ వచ్చింది. అవసరమైతే ఎవరినైనా పంపొచ్చు, కానీ చూడాలనిపించింది. ఇంటి ముందు నీడలో చాప మీద ముగ్గురు పిల్లలు కూర్చుని అష్టాచెమ్మా ఆడుతూ గవ్వల కోసం కొట్టుకుంటున్నారు. ముగ్గురి ముఖాలకూ వేపాకు, పసుపు నూరిన ముద్ద దట్టంగా పట్టించి ఉంది. ముగ్గురికీ ఒంటి నిండా మాడుతున్న పొక్కులే. వాళ్లలో హన్విక ఎవరో యామిని పోల్చుకోలేకపోయింది. వాకిట్లోనే ఆగిపోయి, ఒక్కొక్కరినీ చూస్తూ నిలబడింది.

పచ్చటి ముఖాల్లో ఒకటి ఆమె వైపు తిరిగింది. యామిని ముందుకు వచ్చి చెయ్యి చాచబోతే, ఆ పిల్ల చటుక్కున వెనక్కి జరిగింది.

"డాక్టరమ్మా, నన్ను ముట్టుకోకు! నీకు అంటుతది."

"నాకు చిన్నప్పుడే పోసిందిలే," అంటూ యామిని చెప్పులు విడిచి చాప మీద కూర్చుంది.